‘హారన్ కొట్టరాదు’ కింద కుర్చీ

మార్చి 3, సోమవారం

ఏదో ఒకటి రాయమంది ఆసుపత్రి కౌన్సిలరు. ఎవరికీ చూపించక్కర్లేదట. ఎవరికీ చూపించనిది రాయడం దేనికో నాకు అర్థం కాలేదు గానీ, ఇంతవరకు ఆవిడ చెప్పిందేదీ తప్పు కాలేదు కాబట్టి రాస్తున్నాను. క్లినిక్‌లో వాడకుండా పడున్న కేసు రిజిస్టరు ఒకటి తెచ్చుకున్నాను. ప్రతి పేజీలో గళ్లు. పేషెంటు పేరు, పై దవడ, కింది దవడ, రంగు, ఇవ్వాల్సిన తేదీ. గళ్లని పట్టించుకోకుండా అడ్డంగా రాసేస్తున్నాను.

తాగుడు మానేసి ఇవాళ్టికి పద్నాలుగో రోజు. అందులో తొమ్మిది రోజులు ఆసుపత్రి మంచం మీద గడిచాయి. ఆ తొమ్మిదీ నా గొప్ప కాదు.

నా పని పళ్లు చేయడం. కట్టుడు పళ్లు. పందొమ్మిదేళ్లుగా ఒకే డాక్టరమ్మ దగ్గర, క్లినిక్ వెనక గదిలో. పేషెంట్లు ముందు గదిలోకే వస్తారు. నా దాకా వచ్చేవి వాళ్ల నోళ్ల అచ్చులు మాత్రమే. వాటి మీద మైనం పెట్టి, స్పిరిట్ దీపం దగ్గర మెత్తబరిచి, ఒక్కొక్క పన్నూ పేరుస్తాను. నాకో అలవాటుంది. పైవరసలో ఎడమ పక్క పన్నుని వెంట్రుకవాసి తిప్పుతాను. అన్నీ తిన్నగా ఉంటే కొట్లో కొన్న పళ్లలా ఉంటాయి. అలా తిప్పితే మనిషి పళ్లలా ఉంటాయి. అది నా సంతకం. డాక్టరమ్మకి కూడా తెలియదు.

ఇప్పుడు పళ్లు పేర్చే ఆ బల్ల దగ్గరికి నన్ను రానివ్వడం లేదు. తొంభై రోజులు చుక్క ముట్టకూడదు, ఏదో ఒక మీటింగుకి మానకుండా వెళ్లాలి, అప్పుడు బల్ల ఇస్తాను అంది డాక్టరమ్మ. అప్పటిదాకా ప్లాస్టరు కలిపి అచ్చులు పోసి మూడున్నరకి ఇంటికి పోవడమే. ఈలోపు తాగితే వేరే పని చూసుకో అని కూడా అంది. అరవకుండా చెప్పింది. అరిచి ఉంటే ఇంత భయం వేసేది కాదు.

మార్చి 4

కౌన్సిలరు ఇచ్చిన కాగితం మీద మీటింగులు ఆరున్నాయి. అయిదు టైపు చేసినవి. ఆరోది అడుగున పెన్నుతో రాసి ఉంది. కొత్తగా పెట్టారేమో.

నాకు నచ్చింది దొరికేదాకా అన్నీ చూడొచ్చట. చీరల కొట్లో చూసినట్టు చూడొచ్చన్నమాట. కాస్త ఉషారుగా కూడా ఉంది. పందొమ్మిదేళ్లు జనం నోళ్లు చూశాను. ఆ నోళ్లు ఏం మాట్లాడతాయో విన్నది తక్కువ.

మార్చి 5, బుధవారం, సాయంత్రం 8

మొదటిది, బ్యాంకు మేడ మీద గది. వెళ్లేసరికి పాతికమంది మగవాళ్లు. తలుపు దగ్గరున్నాయన ఎంతో మర్యాదగా లేచి, అమ్మా, మీ ఆయన కోసం వచ్చారా, పక్క గది అన్నాడు. నేను నోరు తెరిచేలోపే పక్క గది తలుపు తీసి పట్టుకున్నాడు. అంత మర్యాదని కాదనలేక లోపలికి వెళ్లాను.

అది తాగేవాళ్ల పెళ్లాల మీటింగు. గంటసేపు కూర్చున్నాను. పక్కావిడ నా చెయ్యి పట్టుకుని, ఎన్నాళ్లుగా తాగుతున్నాడమ్మా అని అడిగింది. పన్నెండేళ్లుగా అన్నాను. అబద్ధం కాదు, మనిషి మారిందంతే. మా ఆయన సోడా తప్ప తాగి ఎరగడు. పదేళ్ల కిందటే విడిపోయి వేరే సంసారంతో హాయిగా ఉన్నాడు. ఆవిడ పాపం నా కోసం కళ్లు తుడుచుకుంది. వచ్చేటప్పుడు కరపత్రం ఇచ్చారు. ఇంట్లో తాగేవాళ్లుంటే ఏం చేయాలి, ఏం చేయకూడదు.

మార్చి 6

ఇంట్లో కరపత్రం అక్కకి ఇచ్చాను. మొత్తం చదివి, ఇందులో చేయకూడదన్నవన్నీ చేశానే అంది.

మార్చి 9, ఆదివారం

ఆడవాళ్ల మీటింగు, జిమ్ పై అంతస్తులో. తొమ్మిదిమంది. అందరి పళ్లూ సొంతవే, ఒకావిడకి మాత్రం కింద బ్రిడ్జి, బాగా చేశారు. ఇక్కడ ప్రతిదానికీ చప్పట్లు కొడతారు. వచ్చానంటే చప్పట్లు. మంచినీళ్లు తాగితే చప్పట్లు కొడతారేమోనని తాగలేదు. చివర్లో అందరూ అందరినీ కౌగలించుకున్నారు. మా అమ్మ పోయినప్పుడు కూడా నన్నెవరూ అంతసేపు పట్టుకోలేదు. మంచివాళ్లే. నాకే ఊపిరాడలేదు.

మార్చి 12

ఆన్‌లైన్‌ది. ఇరవై చదరాల్లో ఇరవై మొహాలు, ఒక చదరంలో తిరిగే ఫ్యాను. కెమెరా ఆపుకోవచ్చన్నారు, ఆపేశాను. మైకూ ఆపాను. పావుగంట తరవాత ఒక సంగతి తట్టింది. ఈ మీటింగులో కూర్చునే తాగొచ్చు. మూసేశాను. నిజానికి ఆ సంగతి తట్టాకే అందులో నాకు ఆసక్తి మొదలైంది, అందుకే మూసేశాను.

మార్చి 15, ఉదయం

ఆరున్నర మీటింగు. అందరూ ఆఫీసులకి తయారై వచ్చారు, చేతుల్లో కాఫీలు. ఒకతను తన రికవరీ గురించి స్లైడ్లు లేకుండా ప్రెజెంటేషన్ ఇచ్చాడు. బాగానే చెప్పాడు. నేను లేచిన వేళ ఎవరి మాటా వినలేను, నా మాటైనా సరే.

మార్చి 16

స్కూలు వ్యాను కడుగుతోంది అక్క. నేను బకెట్టు పట్టుకున్నాను. అక్క పదిహేనేళ్లుగా ఆ వ్యాను నడుపుతోంది, పిల్లల్ని అదిలించే గొంతుతోనే నాతోనూ మాట్లాడుతుంది. ఇప్పటికి ఎన్నయ్యాయి అని అడిగింది. చెప్పాను. ఒకచోట మగవాళ్లట, ఒకచోట చప్పట్లట, ఒకచోట కాఫీలట, నీకు కావాల్సింది మీటింగా, పెళ్లి సంబంధమా అంది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుందే నీ యవ్వారం అంది. మీటింగులో మాట్లాడావా ఒక్కసారైనా అని అడిగింది.

మాట్లాడలేదు. ఆ మాట ఒప్పుకోకుండా చక్రాలు కడిగాను.

వంటింటి క్యాలెండరు మీద రోజూ పొద్దున్నే అక్క ఒక టిక్కు పెడుతుంది. ఇవాళ్టిది ఇరవై ఏడోది.

మార్చి 18

అయిదోది ఊరవతల. వెళ్లాను. తాళం వేసి ఉంది. ఇది మాత్రం నా వంక కాదు.

మార్చి 20, గురువారం

ఆరోది, పెన్నుతో రాసింది. డ్రైవింగు స్కూల్లో, ఆదివారం తప్ప రోజూ సాయంత్రం నాలుగింటికి. పొద్దునా రాత్రీ అక్కడ క్లాసులు జరుగుతాయి, నాలుగింటికి గది ఖాళీ. చిన్న గది, పన్నెండు మడత కుర్చీలు. గోడల నిండా రోడ్డు గుర్తులు. ఆగుము. నెమ్మదిగా పొమ్ము. వెనక్కి తిరగరాదు. ఎవరి పేర్లూ చెప్పుకోరు కాబట్టి ఏ బోర్డు కింద కూర్చుంటే వాళ్లు ఆ బోర్డు. నేను వెళ్లి కూర్చున్నాక తల ఎత్తి చూస్తే, ఇరుకు వంతెన.

మధ్యలో బల్ల. దాని మీద కారు నుంచి ఊడదీసిన స్టీరింగు ఒకటి, కొత్తవాళ్లు తిప్పి నేర్చుకోవడానికి. మాట్లాడేవాళ్లు దాన్ని పట్టుకోవాలని నియమమేం లేదు గానీ అందరూ దాన్ని పట్టుకునే మాట్లాడుతున్నారు. ఒక బేకరీ ఆమె తన తమ్ముడి పెళ్లిలో చేసిన గొడవ చెబుతున్నంతసేపూ ఎడమకే తిప్పింది. ఒకరు మాట్లాడితే మిగతావాళ్లు వింటారు. జవాబు చెప్పరు, సలహా ఇవ్వరు. చప్పట్లు లేవు.

మొదలుపెట్టేది ఒక పెద్దాయన. తెల్లటి మీసం, నోరు సగం కప్పేస్తుంది. హారన్ కొట్టరాదు బోర్డు కింద కూర్చుంటాడు. ఆయన స అన్నా శ అన్నా పళ్ల సందు నుంచి విజిల్ వస్తుంది. ఇక్కడ విన్నది ఇక్కడే వదిలేసి వెళ్దాం అని ఆయన మొదటి మాట. అందులోనే ఒక విజిల్ మోగింది. ఎవరూ నవ్వలేదు. అలవాటైపోయినట్టుంది. ఆయనే నవ్వి, బోర్డు కిందే నేరం చేస్తున్నాను అన్నాడు.

కట్టుడు పళ్లే. ముందు పళ్ల వెనక గాలి పోయే దారి ఇరుకైతే అలా మోగుతుంది. కొత్త సెట్టులా ఉంది. ఎవడు చేశాడో గానీ వాడికి చెవులు మెలేసి మళ్లీ పని నేర్పాలి. మైనం మీద ఉండగానే పేషెంటు చేత నాలుగు మాటలు మాట్లాడించి చూసుకోవద్దూ.

రేపూ వెళ్తాను. విజిల్ సంగతి తెలుసుకోవాలని ఉంది.

మార్చి 27

వారం నుంచీ వెళ్తున్నాను. మాట్లాడలేదు. ఎవరూ అడగలేదు. స్టీరింగు నా ముందుకి వస్తే పక్కవాళ్ల వైపు జరుపుతాను.

కుర్చీలు మడవడంలో చెయ్యి వేస్తున్నాను. ఈ మీటింగు నాకు సరిపోయేటట్టే ఉంది అక్కా అన్నాను. సంబంధం కుదిరిందన్నమాట అంది.

ఏప్రిల్ 3, గురువారం

ఇవాళ పెద్దాయన స్టీరింగు పట్టుకున్నాడు. ఆయన తాగుడు మాని పదకొండేళ్లు. మానిన కొత్తల్లో సాయంత్రం నాలుగు గంటలంటే భయంగా ఉండేదట. అప్పుడు చూపులేనివాళ్ల లైబ్రరీలో ఒక పని ఒప్పుకున్నాడు. రోజూ నాలుగింటికి మైకు ముందు కూర్చుని పుస్తకాలు చదివి రికార్డు చేయడం. పదకొండేళ్లలో రెండు వందల పుస్తకాలు చదివాడట. ఫిబ్రవరి మొదట్లో కొత్త పళ్లు పెట్టించుకున్నాడు. మైకులో ప్రతి స కీ విజిల్. లైబ్రరీవాళ్లు మర్యాదస్తులు, కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోండి అన్నారు. డాక్టరు దగ్గరికి వెళ్తే వాడగా వాడగా అలవాటవుతుంది అన్నారు. రెండో వారంలో ఒకరోజు నాలుగింటికి వైన్ షాపు ముందు నిలబడి ఉన్నాడట. పదకొండేళ్ల తరవాత. అక్కణ్నించి తిన్నగా ఈ డ్రైవింగు స్కూలు నడిపే ఆవిడ దగ్గరికి వచ్చి గది అడిగాడు. అలా మొదలైంది ఈ మీటింగు.

చెప్పాక ఆయన నవ్వాడు. మీసం పైకి లేచింది. కిటికీ వెలుగు సరిగ్గా పళ్ల మీద పడింది.

ఎడమ పక్క పన్ను. వెంట్రుకవాసి తిరిగి ఉంది.

నా సంతకం.

ఏప్రిల్ 4

పొద్దున్నే ఎవరూ రాకముందు అరల్లో పాత అచ్చులు వెతికాను. జనవరి చివరి వారం. దొరికింది. చీటీ మీద పేరు చూడకుండా బొటనవేలు అడ్డం పెట్టుకున్నాను. మీటింగులో పేర్లు వద్దన్నారు కాబట్టి ఆ ఒక్క మర్యాదైనా పాటించాను.

అంతా గుర్తొచ్చింది. గుర్తులేదనుకుని బతికేస్తున్నాను గానీ గుర్తుంది. మైనం సెట్టు ఆ పొద్దున ముందు గదికి వెళ్లింది. ట్రయల్ చూశారు. పేషెంటు ఏదో పుస్తకం తెచ్చుకుని ఒక పేజీ గడగడా చదివాడని, గొంతు భలే ఉందని డాక్టరమ్మ చెప్పింది కూడా. సెట్టు బాగుంది, ఇక మైనం తీసి గట్టి పళ్లుగా ఖాయం చేసేయమంది. మధ్యాహ్నానికి నేను అప్పటికే రెండుసార్లు బాత్రూములోకి వెళ్లి నా సీసాలోంచి తాగి ఉన్నాను. సెట్టుని స్పిరిట్ దీపం పక్కన పెట్టి మర్చిపోయాను. చూసేసరికి ముందు పళ్లు మైనంతో పాటు జారిపోయాయి. మళ్లీ ట్రయల్‌కి పంపాలి. పంపితే ఎందుకని అడుగుతారు. కంటి లెక్కన మళ్లీ పేర్చేసి, ఎడమ పన్ను తిప్పడం మాత్రం మర్చిపోకుండా, ఎవరికీ చెప్పకుండా ఖాయం చేసేశాను. రిజిస్టర్లో ట్రయల్ అయింది అని ఉంది. అయింది కూడా. అయింది వేరే పళ్లకి.

చెవులు మెలేయాలని రాశాను పై పేజీల్లో. నా చెవులే.

ఏప్రిల్ 6, ఆదివారం

తాగాను.

ఏప్రిల్ 7

నిన్న అక్క స్కూలు పిల్లల్ని ఆటల పోటీలకి తీసుకెళ్లింది. మధ్యాహ్నం రెండుకి మొదలుపెట్టి అయిదుకి ఆపాను. ఆపానని గొప్పగా రాస్తున్నాను. సీసా అయిపోయింది, అంతే. స్నానం చేసి, నోట్లో లవంగాలు వేసుకుని, తలనొప్పని పడుకున్నాను.

ఈ పొద్దున అక్క క్యాలెండరు దగ్గర నిలబడింది. నా వైపు చూసి, ఎన్నోదే ఇవాళ అంది. నలభై తొమ్మిది అన్నాను. టిక్కు పెట్టింది.

చెప్తే ఉద్యోగం పోతుంది. డాక్టరమ్మ మాట మీద నిలబడే మనిషి. నలభై ఆరేళ్లొచ్చాయి, పళ్లు పేర్చడం తప్ప నాకింకో పని రాదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఇలా ఎవరికీ తెలియకుండానే కదా పన్నెండేళ్లు తాగాను.

ఏప్రిల్ 10

మీటింగుకి వెళ్తున్నాను. ఎందుకు వెళ్తున్నానో తెలియడం లేదు. ఎవరికైనా ఇవాళ కొత్తగా లెక్క మొదలైందా అని పెద్దాయన రోజూ అడుగుతాడు. చెయ్యి ఒళ్లోనే ఉంచుకుంటాను.

ఇంకో మీటింగు చూసుకుందామా అనిపించింది. ఆ ఆడవాళ్ల చప్పట్లు ఇప్పుడు అంత చెడ్డగా అనిపించడం లేదు.

ఏప్రిల్ 14

ఆయన ప్రతి స కీ నా ఒళ్లు ముడుచుకుంటోంది. ఇవాళ గంటలో అరవై రెండు లెక్కపెట్టాను. దొంగకి తేలు కుట్టినట్టు కూర్చున్నాను.

ఏప్రిల్ 17, గురువారం, సాయంత్రం 6

స్టీరింగు నా ముందుకి వచ్చింది. పక్కకి జరపబోయాను. బల్ల ఎగుడుదిగుడుగా ఉందేమో, మళ్లీ నా వైపే దొర్లింది. పట్టుకున్నాను. పట్టుకున్నాక వదలబుద్ధి కాలేదు.

నా పని పళ్లు చేయడం అన్నాను. అందరూ మామూలుగా విన్నారు. దీపం గురించి చెప్పాను. జారిన మైనం, కంటి లెక్క, ట్రయల్ అయింది అన్న రిజిస్టరు. ఆ మనిషి ఎవరో చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. పళ్లు, విజిల్, జనవరి అనగానే గదిలో గాలి ఆగిపోయినట్టయింది. ఎవరూ ఆయన వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి పదిమంది పడ్డ అవస్థ నాకు తెలుస్తూనే ఉంది. బేకరీ ఆమె ఆగుము బోర్డుని కళ్లార్పకుండా చూసింది. పదకొండు రోజుల కిందట తాగానని కూడా చెప్పాను. నలభై ఎనిమిది రోజులూ పోయాయన్నాను. స్టీరింగు ఎటు తిప్పానో తెలియదు. అరచేతులు చెమటతో జారిపోయాయి.

ఇక్కడ జవాబు చెప్పరు. ఆ నియమం ఇంత కష్టమైందని ఇవాళే తెలిసింది. తిట్టినా బాగుండేది.

అయిపోయాక ఆయన నా దగ్గరికి వచ్చాడు. ఆ రోజు ఒక పేజీ మొత్తం చదివానమ్మా, ఇంటికెళ్లి మా మనవరాలికి ఫోన్ చేసి మరీ చెప్పాను, ఇంకో పదేళ్లు చదువుతానని అన్నాడు. వయసు మీద పడి నాలుక మొద్దుబారిందేమోననుకుని రెండు నెలలు నన్ను నేను తిట్టుకున్నాను అన్నాడు. గొంతు పెంచలేదు. మొహం మాత్రం ఎర్రబడింది. కుర్చీలు మడవకుండా వెళ్లిపోయాడు. ఆయన కుర్చీలు మడవకుండా వెళ్లడం ఇదే మొదటిసారి అంది బేకరీ ఆమె. ఇద్దరం మడిచాం.

రాత్రి 8

అక్కకి చెప్పాను. నాకు ఆ సాయంత్రమే తెలుసులే, ఇల్లంతా లవంగాల వాసన, మసాలా నూరావా అనుకున్నాను అంది. మరి టిక్కు ఎందుకు పెట్టావంటే, కరపత్రంలో ఆరా తీయొద్దని ఉందిగా, నీ అంతట నువ్వు చెప్తావేమోనని చూశాను, పదకొండు రోజులు నా నోరు కట్టుకున్నానే నేను, అంది. అంటూనే ఏడ్చేసింది. మా అక్క ఏడవడం చూసి చాలా ఏళ్లయింది. నేనూ ఏడ్చాను. తరవాత ఎర్ర పెన్ను తెచ్చి ఏప్రిల్ ఏడు గడిలో ఒకటి అని రాసి, ఇవాళ్టి దాకా నింపింది.

ఏప్రిల్ 18

పెద్దాయన రాలేదు. స్కూలావిడే తలుపు తీసింది. ఎవరు మొదలుపెట్టాలో తెలియక పావుగంట అందరం గోడల మీద బోర్డులు చదువుకున్నాం.

ఏప్రిల్ 19

రాలేదు. వైన్ షాపు ముందు నిలబడి ఉన్నాడేమోనన్న భయం నన్ను తినేస్తోంది.

ఏప్రిల్ 21, సోమవారం

వచ్చాడు. బుగ్గలు లోపలికి పోయి, మీసం కిందికి వేలాడి, వేరే మనిషిలా ఉన్నాడు. పళ్లు లేవు. చేతిలో చిన్న డబ్బా. బోసినోటితో మీటింగు మొదలుపెట్టాడు. ఇక్కడ విన్నది ఇక్కడే అన్న మాట సగం ఊదినట్టే వచ్చింది. ఈసారి అందరూ నవ్వారు, ఆయన కూడా.

అయ్యాక డబ్బా నా చేతికి ఇచ్చాడు. శుక్ర, శనివారాలు పడుకుని కోపం తీర్చుకున్నానన్నాడు. తాగలేదట, నేను అడక్కుండానే చెప్పాడు. ఇవి బాగుచేయగలవా అని అడిగాడు. గలనన్నాను. ముందు పళ్లు కదపక్కర్లేదు, వెనక మందం సరిచేస్తే చాలు. అయితే దొంగచాటుగా వద్దు, మీ డాక్టరుకి చెప్పి చెయ్యి అన్నాడు. రెండోసారి కూడా దొంగతనంగానే చేస్తే ఆ పళ్లు నాకొద్దు అన్నాడు.

దారి పొడుగునా డబ్బా రెండు చేతుల్తో పట్టుకుని నడిచాను.

ఏప్రిల్ 22

పేషెంట్లు రాకముందే డబ్బా డాక్టరమ్మ బల్ల మీద పెట్టి మొత్తం చెప్పాను. జనవరిదీ, ఏప్రిల్ ఆరుదీ.

డాక్టరమ్మ డబ్బాలోంచి పళ్లు తీసి వెలుగులో తిప్పి తిప్పి చూసింది. ఆయన విజిల్ అని వస్తే నోట్లో చూడకుండా అలవాటవుతుందని పంపేసింది నేనే కదా అంది. తరవాత, తాగితే వేరే పని చూసుకోమన్నాను గుర్తుందా అని అడిగింది. గుర్తుందన్నాను.

పందొమ్మిదేళ్లలో నేను కనిపెట్టకముందే నువ్వు చెప్పిన మొదటి సంగతి ఇదే అంది. కొత్త లెక్క ప్రకారం తొంభై అయ్యేదాకా ప్లాస్టరే, ఇంకోసారి అయితే ఏ మాటా వినను అంది. ఈ ఒక్క సెట్టు మాత్రం నువ్వే, నా కళ్ల ముందు, పేషెంటుని కూర్చోబెట్టి చెయ్యి అంది. ఈ పక్క పన్ను ఎందుకిలా వంకరగా ఉంది, ఇదీ తాగే పేర్చావా అని కూడా అడిగింది. కాదండీ, అది మాత్రం ఒళ్లు తెలిసి చేసిందే అన్నాను.

ఏప్రిల్ 25, శుక్రవారం

ముందు గదిలో కుర్చీ పక్కన నిలబడ్డాను. అక్కడి దీపం ఎంత వెలుగో ఇన్నేళ్లకి తెలిసింది. ఆయన సంచిలోంచి పుస్తకం తీశాడు, సగం చదివి ఆపేసినదట. మేమిద్దరం ఒకరినొకరం ఎరగనట్టే నమస్కారాలు పెట్టుకున్నాం.

ముందు పళ్ల వెనక కొద్దిగా అరగదీశాను. చదివాడు. సముద్రం మీద సాయంత్రం సన్నగా వాన అన్న వాక్యం. మూడు విజిళ్లు. ఇంకాస్త తీశాను. రెండు. పక్కన మైనం పొర వేసి చూశాను. మళ్లీ మూడు. తీసేశాను. ఆయన అదే వాక్యం మళ్లీ మొదటి నుంచి అందుకున్నాడు. ఒకటి. పదిహేడోసారి సముద్రం మీద సాయంత్రం సన్నగా వాన పడింది, గదిలో వాన తప్ప ఏం వినిపించలేదు.

ఆయన ఆగలేదు. పేజీ తిప్పి చదువుతూనే పోయాడు. తరవాతి పేషెంటు తలుపు దగ్గరికి వచ్చి నిలబడి వింది. డాక్టరమ్మ వాచీ చూసుకుని కూడా ఆపలేదు.

నేను చేసిన పళ్లు సవ్యంగా మాట్లాడగా వినడం నాకిదే మొదలు.

మే 3

పెద్దాయన పదో తారీకు దాకా మీటింగుకి వస్తాడట. ఆ తరవాత నాలుగింటికి లైబ్రరీ. గది అద్దె ఏం లేదు, తాళం తీసేవాళ్లు ఒకరుంటే చాలన్నాడు స్కూలావిడ మాటగా. అని తాళం చెవి బల్ల మీద పెట్టి దానంతట అది కదులుతుందేమోనన్నట్టు చూశాడు. మీరు పళ్లు బాగుచేయకపోయినా పోయేదమ్మా అంది బేకరీ ఆమె నాతో, నవ్వుతూ. ఆమె కళ్లలో నీళ్లున్నాయి.

నాకు మొదలుపెట్టడం రాదన్నాను. నాకూ రాదు, విజిల్ మోగేది కాబట్టి మీరంతా మాట వినలేదంతే అన్నాడాయన.

మే 12, సోమవారం, 3:45

ఎర్ర పెన్నుతో ముప్ఫై ఆరు. కుర్చీలు వేశాను. హారన్ కొట్టరాదు కింద కూర్చున్నాను, అక్కణ్నించి గది ఎలా కనిపిస్తుందో చూద్దామని. తలుపు బాగా కనిపిస్తుంది. గడప బయట ఎవరో కొత్తావిడ, కాగితం పట్టుకుని, తన చెప్పుల వంక చూసుకుంటూ నిలబడింది. లేచి వెళ్తున్నాను. మీ ఆయన కోసం వచ్చారా అని మాత్రం అడగను.